మేడ మీద రెండో రౌటర్: సిగ్నల్ నిండుగా ఉండి నెట్ రాకపోతే ఎక్కడి నుంచి వెతకాలి

విశాఖ ఎంవీపీ కాలనీలో మాది కింద ఒక వాటా, పైన ఒక వాటా. నెట్ లైన్ వచ్చే ఫైబర్ డబ్బా (అదే మా మెయిన్ రౌటర్) కింద హాల్లో టీవీ పక్కన ఉంది. బావ వర్క్ ఫ్రమ్ హోమ్ చేసే గది పైన ఆ చివర, మధ్యలో శ్లాబు, రెండు గోడలు, ఒక ఇనుప బీరువా. అక్కడికి సిగ్నల్ ఒక్క గీత కూడా వచ్చేది కాదు. అటక మీద పాత రౌటర్ ఉంది కదా అని దించి, కిటికీలోంచి వైరు లాగి తగిలించాను. ఫోన్‌లో సిగ్నల్ నిండుగా చూపించింది, నెట్ మాత్రం రాలేదు. అక్కడితో ఆగినా బాగుండేది, రాత్రి తొమ్మిదింటికి కింద నాన్న చూసే టీవీలో కూడా నెట్ పోయింది. లైన్ పోయిందనుకుని కంప్లైంట్ పెట్టాం. లైన్ బాగానే ఉంది, తప్పు నేను పెట్టిన పాత రౌటర్ దగ్గరే ఉంది.

ఆ తర్వాత మధురవాడలో పిన్ని వాళ్ల ఫ్లాట్లో, గాజువాకలో ఒక ఫ్రెండ్ ఇంట్లో, ఇంకో రెండు చోట్ల ఇదే పని చేశాను. అన్నిచోట్లా దాదాపు అవే తప్పులు. ఏ వరసలో చూస్తే తొందరగా దొరుకుతాయో ఇక్కడ రాస్తున్నాను. వరస తప్పి చూస్తే ఒక సాయంత్రమంతా పోతుంది, నాకు రెండు పోయాయి.

ముందు అసలు ఏం జరుగుతోందో

ఇంట్లో ప్రతి ఫోనుకీ, టీవీకీ, ల్యాప్‌టాప్‌కీ ఒక ఐపీ అడ్రస్ ఉండాలి, అంటే డోర్ నంబర్ లాంటిది. ఆ నంబర్లు పంచే పనిని డీహెచ్‌సీపీ అంటారు. మామూలుగా ఫైబర్ డబ్బా ఒక్కటే ఆ పని చేస్తుంది. నంబరుతో పాటు "బయటికి వెళ్లాలంటే నా దగ్గరికి రా" అని ఒక దారి కూడా చెబుతుంది, దాని పేరు గేట్‌వే.

పాత రౌటర్ కూడా ఒకప్పుడు ఎక్కడో మెయిన్ రౌటరే, కాబట్టి దానికీ నంబర్లు పంచే అలవాటు ఉంటుంది. ఏమీ మార్చకుండా లాన్ పోర్టులో (ఇంట్లో పరికరాలు కలిపే రంధ్రం) వైరు పెట్టేస్తే అది కూడా పంచడం మొదలుపెడుతుంది. అడిగిన పరికరానికి ఎవరు ముందు జవాబిస్తే వాళ్ల నంబరే ఖాయం. మా టీవీకి అదే జరిగింది. ఆఫ్ చేసి ఆన్ చేసినప్పుడు దానికి పై రౌటర్ నంబరిచ్చి, దారి తనేనని చెప్పింది. దానికేమో బయటి లైనే లేదు. మా కాలనీలో ఇళ్లకు ఎంఐజీ (మధ్య ఆదాయ వర్గం ఇళ్ల) నంబరు ఒకటి, కార్పొరేషన్ డోర్ నంబరు ఇంకొకటి ఉంటాయి, కొరియర్ అబ్బాయి ఒకటి పట్టుకుని రెండోదాని కోసం సందంతా తిరుగుతుంటాడు. ఇదీ దాదాపు అలాంటిదే. ఇంట్లో నంబర్లు పంచే డబ్బా ఒక్కటే ఉండాలి, రెండో రౌటర్ గొడవల్లో చాలా భాగం ఇక్కడే తేలిపోతుంది.

ఏదీ నొక్కకముందు

మెయిన్ ఫైబర్ డబ్బాకు రీసెట్ నొక్కకండి. దయచేసి నొక్కకండి. చాలా కనెక్షన్లలో కంపెనీ ఇచ్చిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్, ఇంకొన్ని లైన్ సెట్టింగ్స్ ఆ డబ్బాలోనే ఉంటాయి. రీసెట్ చేస్తే అవన్నీ పోవచ్చు, ఆదివారం సాయంత్రమైతే సోమవారం మనిషి వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నెట్ ఉండదు. ఆఫ్ చేసి ఆన్ చేయడం వేరు, రీసెట్ వేరు. మెయిన్ డబ్బా సెట్టింగ్స్ పేజీలు ఏవి తెరిచినా ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

రెండో రౌటర్‌కైతే మొహమాటం లేకుండా రీసెట్ చేసేయండి. కరెంటు ఉండగా వెనక చిన్న రంధ్రంలో పిన్నుతో పది సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలావాటిలో సరిపోతుంది. పాత కంపెనీ సెట్టింగ్స్ అందులో ఏం మిగిలున్నాయో వెతకడం కంటే ఇది మేలు.

ఇంకొకటి, అడాప్టర్. అటక మీద నుంచి రౌటర్ దించినప్పుడు దాని అడాప్టర్ బదులు సెట్‌టాప్ బాక్సుదో ఇంకోదో చేతికొస్తుంది, పిన్ను ఒకేలా ఉంటుంది కాబట్టి పట్టేస్తుంది. రౌటర్ కింద రాసిన వోల్టులు, అడాప్టర్ మీద 'అవుట్‌పుట్' దగ్గర రాసిన వోల్టులు ఒకటే ఉండాలి, 9 అయితే 9, 12 అయితే 12. ఆంపియర్లు రౌటర్ అడిగినంతో, అంతకంటే ఎక్కువో ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. వోల్టులు ఎక్కువైతే రౌటర్ కాలిపోవచ్చు. వోల్టులో ఆంపియర్లో తక్కువైతే పది నిమిషాలు బాగా పని చేసి, ఎవరైనా వీడియో కాల్ మొదలుపెట్టగానే రీస్టార్ట్ అవుతుంది. గాజువాకలో మేం రెండు గంటలు సెట్టింగ్స్ మార్చి మార్చి చూసిన జబ్బు చివరికి ఇదే.

మొదటి పని: రెండో రౌటర్‌ని మెయిన్ డబ్బా పక్కకు తీసుకురండి

పై గదిలో కూర్చుని వెతకొద్దు. రెండో రౌటర్‌ని కిందికి తెచ్చి, బాగా పని చేస్తుందని తెలిసిన ఒక చిన్న లాన్ కేబుల్‌తో మెయిన్ డబ్బా పక్కనే తగిలించండి. పక్కన పెడితే పని చేసి, పైన పెడితే పని చేయకపోతే తప్పు వైరులో ఉంది. పక్కన కూడా పని చేయకపోతే తప్పు సెట్టింగ్స్‌లో ఉంది. ఈ ఒక్క పరీక్షతో సగం అనుమానాలు పోతాయి.

వెతుకుతున్నంతసేపూ రెండో వైఫైకి వేరే పేరు పెట్టండి, మేం "మేడ" అని పెట్టుకున్నాం. పేరు ఒకటే అయితే ఫోన్ దేనికి తగులుకుందో తెలియక మీరు చూసే ప్రతి ఫలితం అనుమానంగానే ఉంటుంది. ఫోన్‌లో మొబైల్ డేటా కూడా ఆపేయండి. వైఫైలో నెట్ లేకపోతే చాలా ఫోన్లు చెప్పకుండా డేటా మీదికి వెళ్లిపోతాయి, మనకేమో వైఫై బాగుందనిపిస్తుంది.

రెండో పని: అడ్రస్ చదవడం

ఫోన్‌లో వైఫై పేరు మీద నొక్కితే వివరాల్లో ఐపీ అడ్రస్, గేట్‌వే కనిపిస్తాయి. విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఖాళీ లేకుండా ఇంగ్లీషులో కొట్టండి. ముందు మెయిన్ వైఫైలో ఉండి ఆ రెండు నంబర్లు కాగితం మీద రాసుకోండి, తర్వాత "మేడ" వైఫైకి మారి మళ్లీ చూడండి.

ల్యాప్‌టాప్‌లో 169.254తో మొదలయ్యే నంబరు వచ్చిందంటే దానికి ఎవరూ నంబరివ్వలేదు, తనకు తనే ఒకటి పెట్టుకుంది. ఫోన్ అయితే ఐపీ అడ్రస్ తీసుకుంటున్నానని తిరిగి తిరిగి ఆగిపోతుంది. రెండో రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపి ఉండి, వైరు తెగిపోయో వేరే పోర్టులో ఉండో మెయిన్ డబ్బా దాకా మాట చేరకపోతే ఇలా అవుతుంది.

గేట్‌వే దగ్గర మెయిన్ డబ్బా నంబరు కాకుండా రెండో రౌటర్ నంబరు ఉంటే, నంబర్లు పంచుతున్నది రెండో రౌటర్. మా ఇంట్లో కింద 192.168.1.1 ఉండాల్సిన చోట టీవీలో 192.168.0.1 కనిపించింది, అది చూశాకే విషయం అర్థమైంది. ఇంకా ఇబ్బంది పెట్టేది రెండు డబ్బాలకీ ఫ్యాక్టరీ నంబరు ఒకటే, అంటే రెండూ 192.168.1.1 అయినప్పుడు. అప్పుడు చూడటానికి నంబర్లన్నీ సరిగ్గానే ఉంటాయి, కానీ కొన్ని ఫోన్లలో నెట్ వస్తుంది, కొన్నిట్లో రాదు, కాసేపటికి తారుమారవుతుంది. ఇలా ఒకసారి వచ్చి ఒకసారి పోతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

అడ్రస్, గేట్‌వే రెండూ సరిగ్గా ఉండి కూడా నెట్ రాకపోతే పింగ్ వాడండి, అవతలి నంబరు జవాబిస్తోందా అని చూసే కమాండ్ అది. అదే కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ (ping) అని కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి గేట్‌వే నంబరు కొట్టండి. జవాబు రాకపోతే సమస్య ఇంట్లోనే ఉంది. వస్తే బయట గూగుల్ నడిపే 8.8.8.8కి పింగ్ చేయండి. దానికీ జవాబు వచ్చి, సైట్లు మాత్రం తెరుచుకోకపోతే అది డీఎన్ఎస్, అంటే పేర్లను నంబర్లుగా మార్చే చోట తేడా. చాలాసార్లు ఎవరో ఎప్పుడో ల్యాప్‌టాప్‌లో చేత్తో పెట్టిన పాత డీఎన్ఎస్ అలాగే ఉండిపోయి ఉంటుంది, దాన్ని ఆటోమేటిక్‌కి మార్చండి.

మూడో పని: రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా మార్చడం

ఇళ్లలో నూటికి తొంభై మందికి కావాల్సింది ఇదే. రెండో రౌటర్ తెలివి చూపించకుండా, నంబర్లు పంచకుండా, కేవలం వైఫై ఇస్తే చాలు.

మెయిన్ డబ్బా నుంచి వైరు తీసేయండి. ల్యాప్‌టాప్‌ని రెండో రౌటర్ లాన్ పోర్టుకు కలపండి (పసుపు రంగువి ఎక్కువగా లాన్, నీలం రంగుది ఎక్కువగా వాన్, అంటే బయటి లైన్ కోసం ఉన్నది, రంగు కంటే పక్కన రాసిన పేరు నమ్మండి). రౌటర్ కింద స్టిక్కర్ మీదున్న అడ్రస్‌ని బ్రౌజర్‌లో కొట్టి లోపలికి వెళ్లండి. 'ఆపరేషన్ మోడ్' అని ఎక్కడైనా కనిపించి, అందులో 'యాక్సెస్ పాయింట్' ఉంటే అది ఎంచుకుని సేవ్ చేయండి, మిగతావన్నీ అదే చూసుకుంటుంది. ఈ మోడ్‌లో చాలా రౌటర్లకు వాన్ పోర్టు కూడా మామూలు లాన్ పోర్టులా పని చేస్తుంది.

పాత రౌటర్లలో ఆ ఆప్షన్ ఉండకపోవచ్చు, అప్పుడు చేత్తో చేయాలి. ఇక్కడ వరస ముఖ్యం. ముందు వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టండి, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 కంటే తక్కువ వద్దు. తర్వాత లాన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాని సొంత నంబరు మార్చండి. మెయిన్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.250 ఇవ్వండి, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. చుక్కల మధ్య ఉన్న మొదటి మూడు సంఖ్యలు మెయిన్‌వే ఉండాలి, చివరిది మాత్రమే మారాలి. మెయిన్ 192.168.29.1 అయితే ఇది 192.168.29.250 అన్నమాట. సేవ్ చేయగానే పేజీ ఆగిపోతుంది, కంగారు వద్దు, కొత్త నంబరుతో మళ్లీ తెరవండి. అప్పుడు ఆఖరున డీహెచ్‌సీపీ ఆపండి. దాన్నే ముందు ఆపేస్తే మధ్యలో మీ ల్యాప్‌టాప్‌కు నంబరిచ్చేవాళ్లు లేక పేజీ తెరుచుకోదు, మళ్లీ రీసెట్ దగ్గరికి వస్తారు.

ఇప్పుడు మెయిన్ డబ్బా లాన్ పోర్టు నుంచి రెండో రౌటర్ లాన్ పోర్టుకు వైరు పెట్టండి. చేత్తో మార్చినప్పుడు వాన్ పోర్టును ఖాళీగా వదిలేయాలి. అలవాటుగా చెయ్యి వాన్ దగ్గరికే వెళ్తుంది, నాదీ వెళ్లింది.

మెయిన్ డబ్బాలో ఒక చిన్న పని మిగిలింది. అది పంచే నంబర్ల పరిధి 2 నుంచి 254 దాకా ఉంటే ఎప్పుడో ఒకరోజు 250ని ఏదో ఒక ఫోనుకు ఇచ్చేస్తుంది. ఆ పరిధిని 200 దగ్గర ఆపేయండి. ఈ పని వదిలేస్తే వారం రోజులు బాగుండి ఎనిమిదో రోజు పోతుంది, అప్పుడు ఎందుకు పోయిందో ఎవరికీ గుర్తుండదు.

అన్నీ అయ్యాక ఫోన్లు, టీవీలు పాత నంబరునే పట్టుకుని ఉంటాయి. ఒక్కోదాన్ని వైఫై ఆపి ఆన్ చేయండి. అప్పటికీ మారకపోతే ఆ నెట్‌వర్క్‌ను 'ఫర్గెట్' చేసి మళ్లీ కలపండి. టీవీని రిమోట్‌తో ఆపితే సరిపోదు, ప్లగ్ తీసి పెట్టండి.

వాన్ పోర్టులోనే పెట్టాలనుకుంటే

తప్పేం కాదు. పైన అద్దెకున్నవాళ్లకు వేరే వైఫై ఇవ్వాలనుకునేవాళ్లు అలాగే పెడతారు. అప్పుడు రెండో రౌటర్ నంబరు మెయిన్‌ది కాని వేరే వరసలో ఉండాలి, కింద 192.168.1.1 అయితే పైన 192.168.5.1 లాగా. రెండూ ఒకే వరసలో ఉంటే ప్యాకెట్ (డేటా ముక్క) ఎటు పంపాలో రౌటర్‌కే తెలియదు. వాన్ రకం 'డైనమిక్ ఐపీ' అని పెట్టండి. చాలామంది ఇక్కడ పీపీపీఓఈ (కంపెనీ లాగిన్‌తో కలిసే పద్ధతి) ఎంచుకుని కంపెనీ ఇచ్చిన యూజర్ నేమ్ కొడతారు, కానీ ఆ లాగిన్ మెయిన్ డబ్బా అప్పటికే చేసేసి ఉంటుంది.

బ్రౌజింగ్, వీడియోలకు ఇబ్బంది లేదు. కింద ఉన్న ప్రింటర్ పై ల్యాప్‌టాప్‌లో దానంతట అది కనిపించదు, పై ఫోన్ నుంచి కింది టీవీకి కాస్ట్ చేయలేరు, కొన్ని ఆన్‌లైన్ గేములు పేచీ పెడతాయి. అద్దె ఇచ్చేవాళ్లు ఒక సంగతి గమనించండి: పై రౌటర్‌లో ఉన్నవాళ్ల పరికరాలు కింది వరసలోని కెమెరా డీవీఆర్ (రికార్డింగ్ డబ్బా) దాకా చేరగలవు, కింది నుంచి పైకే అడ్డు ఉంటుంది. విడిగా ఉంచాలంటే మెయిన్ డబ్బాలోని గెస్ట్ వైఫై మంచిది, కనీసం డీవీఆర్ పాస్‌వర్డయినా మార్చండి.

వైరు, మన ఉప్పుగాలి

కింద పక్కన పెడితే పని చేసింది, పైన పెడితే లేదు అనుకుందాం. మన ఊళ్లో నేను ముందు చూసేది వైరు చివర ఉండే పిన్ను. లాసన్స్ బే, పెదవాల్తేరు, జాలారిపేట వైపు బీచ్‌కు దగ్గరగా ఉన్న ఇళ్లలో గేటు చువ్వలకే ఏడాదిలో తుప్పు పడుతుంది, చవక పిన్ను లోపలి సన్నని రాగి ముక్కలు ఎన్నాళ్లుంటాయి. వెలుతురులో పెట్టి చూడండి, పచ్చగా చిలుము కనిపిస్తే తుడిచి వాడొద్దు, కోసేసి కొత్త పిన్ను కొట్టించండి. రంగుల వరస రెండు వైపులా ఒకటే ఉండాలి: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ.

వైరులో మొత్తం ఎనిమిది తీగలు, నాలుగు జతలు. అందులో రెండు జతలు బాగుంటే చాలు 100 ఎంబీపీఎస్ నడుస్తుంది, వెయ్యికి నాలుగూ కావాలి. అందుకే ఒక తీగ తెగినా ఒక్కోసారి నెట్ పూర్తిగా పోదు, స్పీడ్ మాత్రం పడిపోతుంది. 200 ప్లాన్ ఉండి పైన స్పీడ్ టెస్ట్ ప్రతిసారీ 94, 95 దగ్గర ఆగుతోందంటే రెండే కారణాలు చూడండి, తీగ తెగి ఉండాలి, లేదా రెండో రౌటర్ పోర్టులే 100వి అయి ఉండాలి. రెండోదైతే ఏ సెట్టింగూ దాన్ని పెంచలేదు.

బయటి గోడ మీదుగా వైరు వెళ్తే ఇంట్లో వాడే మామూలు వైరు వద్దు, ఎండకు దాని తొడుగు పగిలి వాన నీరు లోపలికి దిగుతుంది. బయటికని అమ్మే నల్లటి తొడుగు వైరు అడగండి, అల్యూమినియం మీద రాగి పూత కాకుండా పూర్తి రాగి తీగ ఉన్నది తీసుకోండి. కిటికీలోంచి లోపలికి వచ్చేచోట వైరును కొంచెం కిందికి వంచి తర్వాత పైకి తీసుకురండి, వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. ఉరుములు మొదలవకముందే రెండు చివరలా వైరు పీకేయండి. పిడుగు ఇంటి మీదే పడక్కర్లేదు, దగ్గర్లో పడినా ఆ రాగి తీగ మీదుగా వచ్చి పోర్టులు పోతాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లకు అక్టోబర్, నవంబర్ నెలల్లో గాలి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు, వైరును గోడకు క్లిప్పులతో దగ్గరదగ్గరగా బిగించండి.

ఇంకో తప్పు, ఇది తక్కువ జరుగుతుంది గానీ జరిగితే ఇల్లంతా పోతుంది. స్పీడ్ పెరుగుతుందనుకుని రెండు డబ్బాల మధ్య రెండు వైర్లు పెట్టడం. ప్యాకెట్లు ఆ గుండ్రంలో తిరుగుతూనే ఉంటాయి, అన్ని లైట్లూ ఒక్కసారిగా గబగబా కొట్టుకుంటాయి, ఎవరికీ ఏదీ తెరుచుకోదు. ఒకటి పీకగానే సర్దుకుంటుంది.

నెట్ వస్తోంది, కానీ ఆగి ఆగి వస్తోంది

ఇక్కడ వైఫై ఛానల్, అంటే సిగ్నల్ నడిచే దారి, చూడాలి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి మూడే, 1, 6, 11. కింద 1 పెడితే పైన 6 లేదా 11 పెట్టండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. పిన్ని వాళ్ల అపార్ట్‌మెంట్లో వైఫై లిస్ట్ తెరిస్తే రెండు తెరల నిండా పక్క ఫ్లాట్ల పేర్లే, అక్కడ వెడల్పు 40 పెట్టడం వల్ల ఏమీ రాదు, ఇంకా పోతుంది. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే పని చేసే గదికి అదే వాడండి, 36 నుంచి 48 లోపు ఛానల్ ఒకటి పెట్టండి. అది గోడలు దాటడంలో బలహీనం, గదిలోనే రౌటర్ ఉంటే ఆ బలహీనతే మేలు, పక్కవాళ్లది కూడా లోపలికి రాదు.

రౌటర్‌ని బీరువా మీద, అద్దం వెనక, వాటర్ ట్యాంక్ పక్కన పెట్టొద్దు. మెట్ల దగ్గర గోడకు మనిషి తల ఎత్తులో పెడితే మేడ ఇళ్లలో బాగా అందుతుంది.

అన్నీ సరిపోయాక రెండిటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే సెక్యూరిటీ పెట్టేయండి, ఫోన్ తనంతట తనే మారుతుంది. మెట్లెక్కి పైకి వెళ్లినా కింది సిగ్నల్‌నే వదలకుండా పట్టుకుంటే మెయిన్ డబ్బాలో 'ట్రాన్స్‌మిట్ పవర్' ఒక మెట్టు తగ్గించి చూడండి. మా ఇంట్లో అమ్మ ఫోన్ దీంతోనే దారికొచ్చింది.

వైరు లాగే దారే లేకపోతే రిపీటర్ మోడ్ ఉంది, మెయిన్ వైఫైని గాలిలోంచే అందుకుని మళ్లీ పంచేది. సిగ్నల్ రాని గదిలో కాకుండా ఇంకా బాగా వస్తున్న సగం దారిలో పెట్టాలి, రానిచోట పెడితే అది మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది. ఒకే బ్యాండ్ (2.4 లేదా 5) మీద తీసుకుని ఇచ్చేదైతే స్పీడ్ సగానికి పడుతుంది. ఆఫీసు పనికి నేనైతే వైరే లాగమంటాను.

కరెంటు పోయి వచ్చాక

పాత రౌటర్ అర నిమిషంలో లేస్తుంది, ఫైబర్ డబ్బాకు రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు. ఆ లోపు ఫోన్లు "మేడ"కు తగులుకుని, నంబరిచ్చేవాళ్లు లేక, నెట్ లేదని చూపిస్తాయి. మళ్లీ సెట్టింగ్స్‌లోకి వెళ్లొద్దు. ఫైబర్ డబ్బా మీద లైట్లు నిలకడగా వెలిగేదాకా ఆగి, ఫోన్‌లో వైఫై ఒకసారి ఆపి ఆన్ చేయండి. మేం రెండు డబ్బాలనూ ఇన్వర్టర్ లైనుకే కలిపేశాం, 192.168.1.250 అని రాసిన చిన్న కాగితం పై రౌటర్‌కు అతికించాం. మొన్న నేను ఊళ్లో లేనప్పుడు వైఫై పాస్‌వర్డ్ మార్చాల్సి వస్తే బావ ఆ నంబరు చూసుకుని తనే మార్చుకున్నాడు.